మిస్సీ మరణం తర్వాత మాస్టర్ ఎలా తిరిగివచ్చాడు?

సీతమ్మధార ప్రేక్షకురాలు (ప్రశ్న)

బ్రిటిష్ టీవీ ధారావాహిక డాక్టర్ హూను శ్రద్ధగా చూసే విశాఖ మిత్రులందరికీ నమస్కారం. అందులో పదేపదే తిరిగివచ్చే మాస్టర్ అనే ప్రతినాయకుడి జీవితాన్ని ఒక కాగితంమీద వరుసగా రాసి, ఈమధ్యే పాత కథలు చూడటం మొదలుపెట్టిన మా మేనకోడలికి ఇద్దామనుకున్నాను. 1971 జనవరిలో రోజర్ డెల్గాడో ఆ పాత్రలో తొలిసారి కనిపించిన కథనుంచి రాసుకుంటూ వస్తుంటే, మూడుచోట్ల వరుస తెగిపోతోంది.

మొదటిది ఆయుష్షు లెక్క. డాక్టర్‌దీ మాస్టర్‌దీ టైమ్ లార్డ్ జాతి. ఒక టైమ్ లార్డ్‌కు పన్నెండు రీజనరేషన్లే (చావు దగ్గరపడినప్పుడు కొత్త శరీరంలోకి మారడం) ఉంటాయని, మాస్టర్ వాటన్నిటినీ ఖర్చు చేసుకున్నాడని 1976 నాటి ‘ది డెడ్లీ అసాసిన్’లో స్పష్టంగా చెప్పారు. ఆ కథలో అతని ముఖం కుళ్లి, కళ్లు ఉబ్బి, శవమే లేచి నడుస్తున్నట్టు ఉంటుంది. అలాంటప్పుడు 2007లో వచ్చిన ‘యుటోపియా’లో డెరెక్ జాకోబీ తూటా దెబ్బ తిని, మిగతా టైమ్ లార్డ్‌లలాగే వెలుగు చిమ్ముతూ జాన్ సిమ్‌గా మారడానికి మరో రీజనరేషన్ ఎక్కడినుంచి వచ్చింది?

రెండోది 1984 నాటి ‘ప్లానెట్ ఆఫ్ ఫైర్’. సార్న్ గ్రహంమీద మాస్టర్ మంటల్లో కాలిపోవడం డాక్టర్ కళ్లారా చూశాడు, మనమూ చూశాం. మరుసటి ఏడాది ‘ది మార్క్ ఆఫ్ ది రాణీ’లో అదే మనిషి పొలంలో దిష్టిబొమ్మ వేషం విప్పుకుని, ఒంటిమీద చిన్న కాలిన మచ్చయినా లేకుండా బయటికి వస్తాడు.

మూడోది నన్ను నిజంగా బాధపెడుతున్న ప్రశ్న. 2017లో వచ్చిన ‘ది డాక్టర్ ఫాల్స్’ చివర, మాస్టర్ స్త్రీరూపంగా మిషెల్ గోమెజ్ పోషించిన మిస్సీ ఎన్నో యుగాల శత్రుత్వాన్ని వదిలి డాక్టర్ పక్షాన నిలబడాలని నిశ్చయించుకుంటుంది. ఆ నిర్ణయం తీసుకున్నందుకే ఆమె పూర్వరూపమైన జాన్ సిమ్ మాస్టర్ ఆమెను వెనకనుంచి కాల్చి, ఇక రీజనరేట్ కావడం కుదరదని చెప్పి వెళ్లిపోతాడు. 2020 జనవరి 1న ప్రసారమైన ‘స్పైఫాల్’లో సాషా ధావన్ మాస్టర్‌గా, మునుపటికంటే క్రూరంగా, ఒక్క మాట వివరణ కూడా లేకుండా ప్రత్యక్షమవుతాడు. ఇతడు మిస్సీ తర్వాతివాడా, ముందువాడా? తర్వాతివాడైతే ఆమెలో వచ్చిన మార్పు ఏమైపోయినట్టు? తెరమీద కనిపించినదాన్ని ఆధారంగా పెట్టుకుని చెప్పగలిగినవారు దయచేసి చెప్పండి.

పెదవాల్తేరు పాత ప్రేక్షకుడు

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు తెరమీదే సమాధానం ఉంది. అయితే అది ఒకచోట కాకుండా మూడు నాలుగు కథల్లో చెల్లాచెదురుగా ఉండటంవల్ల ఒకేసారి కంటపడదు.

ముందుగా ఆ శవంలాంటి ముఖం ఎందుకు వచ్చిందో చూడాలి. డెల్గాడో 1973 జూన్‌లో తుర్కియేలో షూటింగ్‌కు వెళ్లినప్పుడు కారు ప్రమాదంలో చనిపోయారు. మాస్టర్ పాత్రకు వీడ్కోలుగా ఒక కథ అనుకున్నారు గానీ ఆయన మరణంతో అది ఎప్పటికీ తీయకుండానే ఉండిపోయింది. మూడేళ్ల తర్వాత రచయిత రాబర్ట్ హోమ్స్ ఆ పాత్రను మళ్లీ తెచ్చినప్పుడు, ఇంకొక నటుణ్ని డెల్గాడో స్థానంలో మామూలుగా కూర్చోబెట్టకుండా, ఆయుష్షు తీరిపోయి ఊపిరి మాత్రమే మిగిలిన రూపాన్ని ఇచ్చారు. పన్నెండు అనే హద్దు ఆ కథ అవసరంకోసం పుట్టింది. అంతకుముందు వచ్చిన మాస్టర్ కథలు ఆ అంకె లేకుండానే నడిచాయి.

తర్వాత 1981లో ‘ది కీపర్ ఆఫ్ ట్రాకెన్’ చివర అతడు రీజనరేట్ కాలేదు. పరకాయ ప్రవేశం చేశాడు. తర్వాత డాక్టర్‌తో ప్రయాణించిన నిస్సా అనే అమ్మాయి తండ్రి ట్రెమాస్ శరీరాన్ని ఆక్రమించుకుని ఆంథొనీ ఐన్లీ రూపంలో బయటపడ్డాడు. ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆ అమ్మాయి తండ్రి ముఖం ధరించిన హంతకుడు వెంటనే వచ్చిన ‘లోగోపొలిస్’లో ఆమె లోకాన్నే నాశనం చేశాడు. అంతటి దుఃఖాన్ని ఆ తర్వాతి కథలు దాదాపు పట్టించుకోలేదు. ఈ ధారావాహికలో నన్ను ఇప్పటికీ కలచివేసే లోపం లెక్కల్లో లేదు, అక్కడ ఉంది.

1983లో ‘ది ఫైవ్ డాక్టర్స్’లో టైమ్ లార్డ్‌ల సభ, డాక్టర్‌ను కాపాడితే సరికొత్త జీవితచక్రం ఇస్తామని మాస్టర్‌కు ఆశపెట్టింది. ఆ బహుమతి అతనికి అప్పుడు దక్కలేదు గానీ, కొత్త చక్రం ఇవ్వగల శక్తి వాళ్ల చేతిలో ఉందని మనకు తెలిసింది. 2007లో ‘ది సౌండ్ ఆఫ్ డ్రమ్స్’లో అతడే డాక్టర్‌తో, డాలెక్‌లనే శత్రుజాతితో జరిగిన కాలయుద్ధానికి తగిన యోధుడు కావాలని టైమ్ లార్డ్‌లు తనను బతికించారని చెబుతాడు. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చదివితే జాకోబీకి రీజనరేషన్ ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇంకో చిక్కు కూడా తరచూ అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెబుతాను. 1988లో ‘రిమెంబ్రెన్స్ ఆఫ్ ది డాలెక్స్’లో డాలెక్‌ల జన్మస్థలమైన స్కారో గ్రహం నాశనమైంది, 1996 టెలివిజన్ చిత్రంలో మాత్రం మాస్టర్‌ను విచారించి శిక్షించింది ఆ స్కారోమీదే. కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగేవాళ్ల కథలో ప్రసారమైన వరుసే జరిగిన వరుస కానక్కరలేదు కాబట్టి దీన్ని నేను పెద్ద వైరుధ్యంగా తీసుకోను.

అడవివరం

పెదవాల్తేరు వారు ఆ అంకె కథ అవసరంకోసం పుట్టిందన్నారు. నాకు అసలు తేడా అక్కడే కనిపిస్తుంది. సింహాచలం కొండ కింద పెరిగినవాళ్లకు తిరిగి తిరిగి పుట్టే శత్రువు కొత్త కాదు. జయవిజయులు శాపం పొందిన రోజే మూడు జన్మలని లెక్క తేలిపోయింది. హిరణ్యాక్షుడిగా, హిరణ్యకశిపుడిగా చనిపోయాక ఇంకా రెండు మిగిలాయని, రావణ కుంభకర్ణులుగా చనిపోయాక ఒక్కటే మిగిలిందని వినేవాడికి తెలుసు. అందువల్ల అక్కడ ప్రతి మరణానికీ విలువ ఉంది, అది వాళ్లను వైకుంఠానికి దగ్గర చేస్తోంది. మాస్టర్ విషయంలో అంకెను మధ్యలో తెచ్చి, మధ్యలోనే చెరిపేశారు. డాక్టర్‌కు మాత్రం అదే అంకెను చివరిదాకా గౌరవించారు. 2013 డిసెంబర్ 25న వచ్చిన ‘ది టైమ్ ఆఫ్ ది డాక్టర్’లో ఆయన ఆయుష్షు నిజంగా అయిపోతుంది, ముసలివాడై మృత్యువుకు సిద్ధపడతాడు, కొత్త చక్రాన్ని ఇవ్వడమే అక్కడ కథకు పతాకసన్నివేశమైంది. మాస్టర్‌కు అదే వరం తెరవెనక ఎప్పుడో వచ్చేసింది.

రెండో ప్రశ్న గురించి. సార్న్ మంటల దృశ్యాన్ని మరోసారి నెమ్మదిగా చూడండి. తన ఆయుధమే ఎదురుతిరిగి బొమ్మంత చిన్నవాడైపోయిన మాస్టర్, మునుపటి పరిమాణం పొందడానికి గాయాలు మాన్పే నీలిమంటలో నిలబడతాడు. ఆ నీలిమంట ఆగి మామూలు అగ్ని ఎగసినప్పుడు కేకలు వేస్తూ బతిమాలతాడు. నీ సొంతవాడిమీద కూడా దయ చూపవా అన్నట్టు మాట మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే మంటల్లో కలిసిపోతాడు. చేయి చాపితే ఆపగలిగిన డాక్టర్ ఆపడు, అప్పటి డాక్టర్ పీటర్ డేవిసన్ ముఖంలో ఆ బాధంతా కనిపిస్తుంది. ఆ పూర్తికాని మాటను పట్టుకుని వీళ్లిద్దరూ అన్నదమ్ములని అభిమానులు ఎంతో కాలం వాదించారు. 2007లో డాక్టర్ సహచరి మార్తా అదే సందేహం అడిగితే, టీవీ ఎక్కువగా చూస్తున్నావని డాక్టర్ కొట్టిపారేయడంతో ఆ వాదానికి బలం తగ్గింది.

మంటల్లోంచి ఎలా బయటపడ్డాడన్నది మాత్రం తెరమీద ఎక్కడా లేదు. తనకు నాశనం లేదని, విశ్వమంతటికీ ఆ సంగతి తెలుసునని గొప్పలు చెప్పుకోవడమే 1985లో మనకు దొరికిన వివరణ. గాయాలు మాన్పే మంట అంతకుముందే అతని ఒంటిలోకి చేరింది కాబట్టి అదే కాపాడిందని నేను అనుకుంటాను. అది నా ఊహ మాత్రమే, కథలో ఉన్న మాట కాదు.

సీతమ్మధార ప్రేక్షకురాలు

పెదవాల్తేరు వారికీ, అడవివరం వారికీ కృతజ్ఞతలు. మొదటి ముడి వీడింది. రెండోది వీడకపోయినా ఫరవాలేదు. 1984లో అతడు మారలేదు, కాబట్టి ఎలా తిరిగివచ్చినా అదే మనిషి వచ్చాడు. మిస్సీ విషయంలో మనిషే మారింది. అందుకే ఆ మౌనాన్ని సరిపెట్టుకోలేకపోతున్నాను.

ఉక్కునగరం

ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం చెబుతాను, కొంచెం ఓపికగా చదవండి.

ధావన్‌ను జాన్ సిమ్‌కూ మిస్సీకీ నడుమ ఇరికించాలని చాలామంది చూస్తారు. అలా చేస్తే మిస్సీ మంచితనమే మాస్టర్ కథకు ముగింపు అవుతుంది కాబట్టి మనసుకు హాయిగా ఉంటుంది. కానీ ‘ది డాక్టర్ ఫాల్స్’ దానికి సహకరించదు. మిస్సీ తన పూర్వరూపాన్ని కావాలనే, లెక్క చూసి మరీ పొడుస్తుంది. తన కాలయంత్రమైన టార్డిస్‌దాకా నడవగలిగేంత సమయం మిగిల్చి, అక్కడ అతడు తనలాగా మారాలన్నది ఆమె ఉద్దేశం. ఆ మార్పును మనకు చూపించలేదన్నది నిజమే. అయినా మధ్యలో ఇంకొక జీవితం ఉందని అనడానికి ఆ దృశ్యంలో ఒక్క ఆధారమూ లేదు. కాబట్టి ధావన్ తర్వాతివాడని తీసుకోవడమే సరైనదని నా అభిప్రాయం.

చనిపోయినామె ఎలా బతికిందన్నది తెరమీద లేదు. అయితే మాస్టర్ ఇంతకుముందు కూడా ఇలాంటి చావుకు ఏర్పాట్లు చేసుకునే వెళ్లాడు. 2007లో భార్య లూసీ కాల్చినప్పుడు రీజనరేట్ కావడానికి నిరాకరించి డాక్టర్ చేతుల్లోనే చనిపోయాడు, చితిమీద దహనమయ్యాడు. అయినా బూడిదలో మిగిలిన ఉంగరం ఆధారంగా, 2009 క్రిస్మస్ కథలో అనుచరులు అతణ్ని తిరిగి లేపారు. 2014లో కాల్పుల్లో మాయమైన మిస్సీ 2015లో తిరిగివచ్చినప్పుడైతే, చావలేదు, వచ్చేశాను, ఇక ఆ సంగతి వదిలేయండి అన్న ధోరణిలో తేల్చేసింది. ఎలా తప్పించుకున్నదీ ఆ తర్వాతి వారం గానీ చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. ‘స్పైఫాల్’లో మాస్టర్ బయటపడిన విమానం దృశ్యంలో జోడీ విటాకర్ డాక్టర్, నువ్వు ఎలా బతికావని ఎందుకు అడగదు? ఎందుకంటే మిస్సీ చనిపోయిన సంగతి డాక్టర్‌కు తెలియదు. పీటర్ కపాల్డీ డాక్టర్ చివరిసారి చూసినప్పుడు, తనతో నిలబడమని అంతగా వేడుకున్నా ఆమె సిమ్‌తో కలిసి వెళ్లిపోయింది. తర్వాత ఆమె మనసు మార్చుకున్నదీ, దానికోసం ప్రాణం పోగొట్టుకున్నదీ లిఫ్ట్ దగ్గర, ఆ ఇద్దరు మాస్టర్‌ల మధ్యే జరిగింది. కొద్దిసేపటికి డాక్టర్ సైబర్‌మెన్ అనే యంత్రమానవులను ఆపడానికి ఆ అంతరిక్ష నౌకలోని ఆ అంతస్తునే పేల్చేశాడు. ఆశ లేకుండా, సాక్షి లేకుండా, ప్రతిఫలం లేకుండా చేసినదే మంచితనమని అదే ఏడాది ‘ఎక్స్‌ట్రీమిస్’లో మనం విన్నాం, మిస్సీ సరిగ్గా అలాంటి పని చేసింది. అందువల్ల డాక్టర్ దృష్టిలో ఇందులో వరుస తప్పింది ఏమీ లేదు. మిస్సీ తనను కాదని వెళ్లిపోయింది, కొంతకాలానికి మాస్టర్ ఇంకో ముఖంతో, పాత బుద్ధితో కనిపించాడు. ఖాళీ ఉన్నది చూసేవాళ్లమైన మనకు మాత్రమే.

ఇక ఆమె మార్పు ఏమైపోయిందన్న ప్రశ్న. సిమ్‌కు ఆ రోజు సంగతులు సరిగా గుర్తుండవు, ఇద్దరు ఒకేచోట కలిసినప్పుడు ముందరి రూపానికి జ్ఞాపకం నిలవదని ఆ కథే చెబుతుంది. ధావన్‌కు మాత్రం మిస్సీ జీవితమంతా గుర్తుండాలి. అంటే మిస్సీ చేసిన మంచిపని తెలిసినవాడు విశ్వంలో అతడొక్కడే. మంచివైపు అడుగు వేసిన మరుక్షణం తన చేతిలోనే తాను చచ్చినవాడు, ఆ తర్వాత టైమ్ లార్డ్‌ల స్వగ్రహం గాలిఫ్రే రహస్యం తెలిసి, తనలో డాక్టర్‌నుంచి వచ్చిన అంశ ఉందని గ్రహించి, తన జాతినంతటినీ తుడిచిపెట్టాడు. ఈ క్రమంలో చూస్తే ఆ ఉన్మాదం నాకు అర్థమవుతుంది. ఆ సంగతిని అతడు డాక్టర్‌కు ఒక్కసారైనా చెప్పకపోవడం కూడా అర్థమవుతుంది, ఎందుకంటే చెబితే డాక్టర్ గెలిచినట్టవుతుంది. రచయితలు ఇలా ఆలోచించే రాశారని నేను అనను. తెరమీద ఉన్న ఏ మాటనూ ఇది కాదనదు, మిస్సీ త్యాగాన్ని చిన్నబుచ్చదు.

పెదవాల్తేరు పాత ప్రేక్షకుడు

ఉక్కునగరం వారి వాదన బాగుంది, డాక్టర్‌కు తెలియదన్న సంగతిని నేను ఈ కోణంలో చూడలేదు. ఒక్కచోట మాత్రం ఒప్పుకోలేను. చనిపోయిందని తెలియకపోయినా, మిస్సీని కాపాడి, నేలమాళిగలో ఉంచి, పాఠాలు చెప్పి, కన్నీళ్లు పెట్టించింది డాక్టరే కదా. అంతటి శ్రమ వృథా అయిందని చూసినప్పుడు, నువ్వు మారావనుకున్నానే అన్న ఒక్క మాటైనా ఆ విమానంలో రావాలి. రాకపోవడం కాలక్రమంలో దోషం కాదు గానీ, డాక్టర్ పాత్ర చిత్రణలో దోషమే.

సీతమ్మధార ప్రేక్షకురాలు

ఆ చివరి మాటతో నేనూ ఏకీభవిస్తున్నాను. అయినా నా కాగితంమీద ధావన్‌ను మిస్సీ కిందే రాస్తున్నాను. 2023 డిసెంబర్‌లో ‘ది గిగిల్’ చివర, మాస్టర్ బందీగా ఉన్న బంగారు పన్నును ఎర్రగోళ్ల చేయి ఒకటి నేలమీదనుంచి తీసుకెళ్లింది కాబట్టి, ఆ కింద ఇంకో వరుసకు చోటు వదులుతున్నాను. మా మేనకోడలికి ముందుగా ‘ఎక్స్‌ట్రీమిస్’, తర్వాత ‘ది డాక్టర్ ఫాల్స్’, ఆ వెంటనే ‘స్పైఫాల్’ చూపిస్తాను. ఉక్కునగరం వారు చెప్పినది తనకు ముందే చెప్పను. విమానం దృశ్యం దగ్గర తనంతట తాను ఏం అడుగుతుందో విని ఇక్కడ రాస్తాను.