చికాగోలో మొదటి చలికాలం: మంచు తుఫానుకి ముందు ఏం చూసుకోవాలి?

షామ్‌బర్గ్ నుంచి, కొత్తగా వచ్చినవాణ్ణి:

అందరికీ నమస్కారమండీ. నేను, మా ఆవిడ, రెండేళ్ల పాప ఆగస్టులో వచ్చాం. టౌన్‌హౌస్ అద్దెకి తీసుకున్నాం, పాత కారు ఒకటి కొన్నాం. మంచుని ఫొటోల్లో చూడ్డమే తప్ప దాని మీద కాలు పెట్టింది లేదు. పొద్దున ఫోన్‌లో ‘వింటర్ స్టార్మ్ వాచ్’ అని వచ్చింది, శనివారం రాత్రి నుంచి అట. ఆఫీసులో ఒకాయన “ఇదీ ఒక చలేనా, ఎనభైల్లో చూడాలి” అని నవ్వేశాడు. ఇంకొకాయన నెలకి సరిపడా సరుకులు తెచ్చి పడేసుకోమన్నాడు. ఎవరి మాట వినాలో తెలీక టెన్షన్‌గా ఉంది. నిజంగా చేయాల్సినవి ఏమిటో చెప్పగలరా?

నేపర్‌విల్ నుంచి, 1984లో వచ్చినవాణ్ణి:

బాబూ, ఆ ఎనభైల ఆయన అబద్ధం చెప్పలేదు. నేనూ ఆ బాపతే. కాకపోతే ఆ కథలు గొప్పకి పనికొస్తాయి గానీ శనివారం రాత్రికి పనికిరావు. అయినా ఒకటి చెప్పకుండా ఉండలేను, అందులో మీకు అవసరమైన ముక్క ఉంది.

1985 జనవరి 20, ఆదివారం. ఓహేర్ ఎయిర్‌పోర్టులో మైనస్ 27 డిగ్రీలు. ఇక్కడి లెక్కంతా ఫారన్‌హీట్, సెల్సియస్‌లో అయితే మైనస్ 33కి దగ్గర. చికాగో రికార్డు ఇప్పటికీ అదే. మర్నాడు వాషింగ్టన్‌లో రీగన్ రెండోసారి ప్రమాణ స్వీకారం ఆరుబయట జరగాల్సింది, చలి వల్ల దాన్ని లోపలికి మార్చేశారు. దేశాధ్యక్షుడే బయట నిలబడనన్న చలిలో నేను టోపీ లేకుండా లాండ్రీకి బయల్దేరాను. టోపీ కోటు జేబులోనే ఉంది. పెట్టుకుంటే క్రాపు చెడుతుందని.

రెండు వీధుల దూరం. మొదటి వీధి దాటేలోపు ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకున్నాయి. ఎడమ చెవి సూదులు గుచ్చినట్టు మండింది. రెండో వీధిలో ఆ మంట ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. లాండ్రీలో ఉన్న పెద్దావిడ నా చెవి చూసి కేకేసింది. పైఅంచు మైనంలా తెల్లబడిపోయిందట. రుద్దుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి ఆనించింది, అంతే. వేడినీళ్లు పొయ్యనివ్వలేదు. వారం తర్వాత చెవి మీద తోలు ఊడింది. నలభై ఏళ్లు దాటినా నవంబరు వచ్చిందంటే ముందు ఆ చెవికే తెలుస్తుంది. చలిలో నొప్పి పుడుతుంటే లోపలికి వెళ్లమని అర్థం, నొప్పి ఆగిపోతే పరుగెత్తమని అర్థం.

ఇంకో మాట. విండ్ చిల్ అంటే గాలి కూడా కలిసి ఒంటికి ఎంత చలిగా అనిపిస్తుందో చెప్పే అంకె. మేం పాతవాళ్లం “విండ్ చిల్ మైనస్ 80 చూశాం” అంటే కాస్త తగ్గించుకుని వినండి. 2001లో ఆ సూత్రం మార్చారు, పాత సూత్రం అదే చలికి మరీ భయంకరమైన అంకె చూపించేది. అయినా బయటికి వెళ్లేముందు చూడాల్సింది విండ్ చిల్లే. ఒంటి చుట్టూ ఉండే వెచ్చటి పొరని గాలి ఊడ్చుకుపోతుంది. విండ్ చిల్ మైనస్ 20కి చేరితే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. కారుకీ నీళ్ల పైపుకీ మాత్రం థర్మామీటర్ అంకే లెక్క. గాలికి అవి త్వరగా చల్లబడతాయి గానీ, బయటి ఉష్ణోగ్రత కన్నా కిందికి దిగవు.

ఇక అసలు పని. ‘వాచ్’ అంటే తుఫాను రావచ్చు, సర్దుకోండి అని. ‘వార్నింగ్’ అంటే వచ్చేస్తోంది, లేదా వచ్చేసింది. ‘అడ్వైజరీ’ అంటే అంత తీవ్రం కాదు గానీ ఇబ్బంది పెడుతుంది. మీకు వచ్చింది వాచ్ కాబట్టి రెండ్రోజులు టైముంది. బజారు పనులన్నీ ఇవాళే చేసుకోండి. నెల సరుకులు అక్కర్లేదు. మూడు నాలుగు రోజులకి తిండి, మంచినీళ్లు, పాపకి కావాల్సినవి, మీరు రోజూ వేసుకునే మందులు, టార్చిలైటు, బ్యాటరీలు చాలు. పవర్ బ్యాంకులు ఛార్జి చేసి పెట్టుకోండి. మంచు కన్నా కరెంటు పోవడమే ఎక్కువ బాధ, ఎందుకంటే ఇంటిని వేడిచేసే ఫర్నేస్ గ్యాస్‌తో మండినా దాని ఫ్యాను తిరగడానికి కరెంటే కావాలి.

ఇంట్లో ఇవాళ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతికి, ఒకసారి తిప్పి చూడండి. పైపు పగిలాక నీళ్లు చీలమండ దాకా వచ్చినప్పుడు వెతికితే దొరకదు. బయట గోడకి ఉన్న కుళాయికి గార్డెన్ హోస్ తగిలించి ఉంటే పీకేయండి. అందులో నిలిచిన నీళ్లు గడ్డకట్టి గోడలోపలి పైపుని చీలుస్తాయి, ఆ సంగతి ఏప్రిల్‌లో కుళాయి తిప్పినప్పుడు గానీ బయటపడదు. బాగా చలేసిన రాత్రి బయటి గోడని ఆనుకున్న సింకు కింద తలుపులు తెరిచిపెట్టి, కుళాయిని సన్నటి ధారగా వదిలేయండి. ఊరెళ్లినా హీటింగ్ ఆపొద్దు, 55కి తగ్గకుండా ఉంచండి.

అరోరా నుంచి, ఇద్దరు పిల్లల తల్లిని:

తమ్ముడూ, అన్నయ్యగారు పైపుల దగ్గర ఆగిపోయారు, నేను పాప సంగతి చెప్తా.

కారు సీటులో లావు జాకెట్‌తో కూర్చోబెట్టి బెల్టు పెట్టొద్దు. మొదటి చలికాలం నేనూ అలాగే చేశాను, ముద్దుగా మూటలా ఉండేది. పీడియాట్రిషియన్ చెప్తే ఇంటికొచ్చి పరీక్ష చేశా. జాకెట్ మీద బెల్టు బిగించి, సైజు మార్చకుండా విప్పి, జాకెట్ తీసేసి మళ్లీ పెట్టా. భుజం దగ్గర నా నాలుగు వేళ్లూ దూరేంత వదులు. గుద్దుకున్నప్పుడు ఆ దూది నలిగిపోయి అంత ఖాళీ వస్తుందన్నమాట. పల్చటి ఫ్లీస్ వేసి బెల్టు బిగించండి, పెద్ద కోటు వెనక్కి తిప్పి, చేతులు దూర్చి, బెల్టు మీదుగా కప్పండి. కారు వేడెక్కాక తీసేయడమూ తేలికే.

ఒంటికి తగిలే పొర కాటన్ వద్దు. చెమట పీల్చుకుని తడిగా అతుక్కుంటుంది, చలికి తడి తోడైతే ఎన్ని పొరలున్నా లాభం లేదు. ఉన్ని గానీ పాలియెస్టర్ థర్మల్స్ గానీ వేసి, మీద ఫ్లీస్, ఆ పైన గాలి దూరని కోటు. వేళ్లు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కన్నా, నాలుగు వేళ్లూ ఒకే సంచీలో ఉండే మిటెన్స్ వెచ్చగా ఉంటాయి. బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి. బిగుతు బూటులో రెండు జతల మేజోళ్లు కూరితే కాళ్లు ఇంకా చల్లబడతాయి.

కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ బటన్ నొక్కి చూశారా? లేకపోతే ఇది చదవడం ఆపి వెళ్లి చూడండి. కొత్త ఇళ్లల్లో ఫర్నేస్ పొగ బయటికి పోయేది గోడలోంచి వచ్చే తెల్లటి పీవీసీ గొట్టంలోంచే. మీ ఇంటిదెక్కడుందో చూసిపెట్టుకోండి. మంచు దాని మూతికి అడ్డంగా పేరుకుంటే పార పట్టుకుని వెళ్లి తీసేయాలి. కరెంటు పోయిందని గ్రిల్లు లోపలికి తెచ్చి వెలిగించడం, గ్యాస్ ఓవెన్ తలుపు తీసి చలి కాచుకోవడం, ఇవి ఎవరు చెప్పినా చేయొద్దు. వాటిలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు. తలనొప్పి, కడుపులో తిప్పడం, నిద్రమత్తు, ఫ్లూ వచ్చిందనుకుని పడుకుంటారు.

సిటీ నుంచి:

ఫిబ్రవరి 1, 2011 రాత్రి లేక్ షోర్ డ్రైవ్ మీద ఇరుక్కున్న బస్సుల్లో ఒకదాంట్లో నేనున్నాను. రెండు రోజుల్లో 21 అంగుళాలు పడింది. వస్తుందని ముందు రోజు నుంచే చెప్తున్నారు. మధ్యాహ్నం రెండింటికి మా మేనేజరు వెళ్లిపొమ్మంది. ఒక్క మెయిల్ పంపి వెళ్దామని కూర్చున్నా, ఐదున్నరయింది. సరస్సు మీంచి గాలి బస్సుని ఊపేస్తోంది, కిటికీలోంచి పక్క కారు లైట్లు కాసేపు కనిపించాయి, తర్వాత అవీ లేవు. వందల కార్లు ఆ రోడ్డు మీదే ఉండిపోయాయి. ఏడు గంటల తర్వాత ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి వరసగా నడిపించుకుపోయారు. ఆ మెయిల్‌కి జవాబు మూడు రోజుల తర్వాత వచ్చింది, “థాంక్స్” అని.

బ్లిజర్డ్ అనే మాట ఊరికే వాడరు తెలుసా. గంటకి 35 మైళ్ల గాలి, పావు మైలు కూడా కనిపించకపోవడం, అదీ కనీసం మూడు గంటలు. ఎంత మంచు పడిందన్నది అందులో లెక్కే కాదు, పడ్డ మంచునే గాలి లేపినా బ్లిజర్డే.

సిటీలో ఉండే కొత్తవాళ్లకి రెండు ముక్కలు. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు, తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా కొన్ని మెయిన్ రోడ్ల మీద కారు పెట్టకూడదు. మంచు పడకపోయినా సరే, టో చేసేస్తారు. అద్దె ఇంట్లో వేడి సరిపోకపోతే మొహమాటపడొద్దు, సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 వరకు పగలు 68, రాత్రి 66 డిగ్రీలు ఉంచాల్సింది ఇంటి ఓనరే. పట్టించుకోకపోతే సిటీ ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి. షామ్‌బర్గ్‌లో రూల్స్ వేరు, మీ విలేజ్ వెబ్‌సైట్‌లో స్నో పార్కింగ్ గురించి చూసుకోండి.

నేపర్‌విల్ నుంచి, 1984లో వచ్చినవాణ్ణి:

ఆ రెండింటికీ ఐదున్నరకీ మధ్యే ఉంది అంతా. 1967 జనవరి 26న ఇక్కడ 23 అంగుళాలు పడటం మొదలైంది, ఒకే తుఫానులో అంత మంచు ఈ ఊరు మళ్లీ చూడలేదు. నేనొచ్చేసరికి ఆఫీసులో ముసలాళ్లు ఇంకా దాని గురించే చెప్పుకునేవాళ్లు. సరిగ్గా రెండు రోజుల ముందు 65 డిగ్రీలట, జనం పల్చటి బట్టల్లో తిరిగారట! అందుకే జనవరిలో ఎండ కాసిందని నేను సంబరపడను. 1979 జనవరి తుఫానుకైతే రోడ్లు సరిగ్గా శుభ్రం చేయించలేదని జనానికి మేయర్ బిలాండిక్ మీద కోపమొచ్చి, ఫిబ్రవరిలో పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలో జేన్ బర్న్‌ని గెలిపించారు. ఇక్కడ మంచు పార ఓటుతో సమానం.

కారు సంగతి. పాత కారు అన్నారు కదా, బ్యాటరీ చెక్ చేయించండి. సున్నా డిగ్రీల (ఫారన్‌హీట్) దగ్గర బ్యాటరీ బలం సగానికి పైగా పడిపోతుంది. చలికి తాళం తిప్పితే ‘టిక్’ మని ఒక్క చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వినకూడదంటే శుక్రవారమే వెళ్లాలి. పెట్రోలు సగం ట్యాంకు కన్నా తగ్గనివ్వొద్దు. కారు అద్దం కడిగే వాషర్‌లో నీళ్లు పోసి ఉంటే తీసేసి, చలికి గడ్డకట్టనిది పోయండి. డిక్కీలో ఒక దుప్పటి, చిన్న పార, జంపర్ కేబుల్స్, చక్రాల కింద చల్లడానికి ఇసుక. కారు మీద మంచు దులిపేటప్పుడు పైకప్పు కూడా దులపండి, బ్రేకు వేస్తే ఆ పలక మొత్తం జారి అద్దం మీద పడుతుంది.

దారిలో ఇరుక్కుంటే కారు దిగి నడవొద్దు. ఇంజను గంటకి పది నిమిషాలు ఆన్ చేసి ఆపండి. ఆన్ చేసేముందు వెనక పొగ గొట్టం దగ్గర మంచు తీసేయండి, గాలి పడని వైపు కిటికీ కాస్త దించండి. బ్రిడ్జిల మీద రోడ్డు తడిగా నల్లగా మెరుస్తుంటే అది నీళ్లు కాదనుకోండి, బ్లాక్ ఐస్. బ్రేకు తొక్కొద్దు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, వెళ్లాలనుకున్న వైపుకే చూస్తూ స్టీరింగ్ తిప్పండి. ఖాళీ పార్కింగ్ లాటులో ఆదివారం పొద్దున ఒకసారి జారి చూడండి, భయం పోతుంది.

మంచు పారతో తీసేటప్పుడు ఎత్తి విసరొద్దు, తోయండి. నాలుగేసి అంగుళాలకి ఒకసారి తీస్తే పని తేలిక. మనవాళ్లకి గుండెజబ్బులు తొందరగా వస్తాయి, చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, పైగా అలవాటు లేని బరువు. ఛాతీ పట్టేసినట్టుంటే పార అక్కడే వదిలేసి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి. డ్రైవ్ వే మీద మంచు కరగడానికి చల్లే మామూలు రాక్ సాల్ట్ 15 డిగ్రీల కిందికి పోతే సరిగ్గా పనిచేయదు, అప్పుడు కాల్షియం క్లోరైడ్ చల్లాలి.

అరోరా నుంచి, ఇద్దరు పిల్లల తల్లిని:

అన్నయ్యగారి పాత కథలు వింటే ఇప్పుడసలు చలే లేదనిపిస్తుంది. 2019 జనవరి 30న నేనిక్కడే ఉన్నా, మైనస్ 23. స్కూళ్లు మూసేశారు, పోస్టు కూడా ఆపేశారు. మెట్రా రైలు పట్టాలు మారే చోట బిగుసుకుపోకుండా మంటలు పెట్టారు. ఆ వీడియో చూసి మా అమ్మ ఫోన్ చేసింది, “రైళ్లు తగలబడిపోతున్నాయటగా, మీరెక్కడున్నారు” అని. ఆ రాత్రి ఇంటి బయట ఢామ్మని చప్పుడు, ఎవరో గుద్దారనుకున్నాం. నేలలో నీరు గడ్డకట్టి పగిలే చప్పుడట, ఫ్రాస్ట్ క్వేక్ అంటారు. మీకూ వినిపిస్తే కంగారుపడి 911కి కొట్టకండి.

నేపర్‌విల్ నుంచి, 1984లో వచ్చినవాణ్ణి:

ఒప్పుకుంటా, 2019 నాకూ 85ని గుర్తుచేసింది. నాలుగు డిగ్రీల తేడా అంతే. అప్పుడు మాత్రం రెండు టోపీలు పెట్టుకున్నా.

షామ్‌బర్గ్ నుంచి, కొత్తగా వచ్చినవాణ్ణి:

అందరికీ చాలా థాంక్సండీ. డిటెక్టర్ నొక్కితే కూసింది, పాప ఉలిక్కిపడి ఏడ్చింది. తెల్ల గొట్టం ఇంటి వెనక, పొదల్లో ఉంది. పాప సీటు పరీక్ష చేశాం, మాకూ నాలుగు వేళ్లు దూరాయి. బ్యాటరీకి శుక్రవారం పొద్దున్నే అపాయింట్‌మెంట్. మెయిన్ వాల్వ్ గంట వెతికితే దొరికింది, బేస్‌మెంట్‌లో మేమింకా విప్పని అట్టపెట్టెల వెనక.

నేపర్‌విల్ నుంచి, 1984లో వచ్చినవాణ్ణి:

తిప్పి చూశారా? పెట్టెలు మళ్లీ అక్కడే పెట్టలేదు కదా?