సమస్య: కాదు పొమ్మన్నవానినే కాంత వలచె

పృచ్ఛకుడు: పాదం తేటగీతిది. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. వస్తువు జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’: పెళ్ళాడమన్న డార్సీని మొదట కాదన్న ఎలిజబెత్ తర్వాత అతన్నే ప్రేమించే కథ. 1813 జనవరి 28న అచ్చయిన ఈ నవలకు మొదట అనుకున్న పేరు ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’, అంటే తొలిచూపు అభిప్రాయాలు. కాదన్న మనిషినే ఎలా వలచిందో కారణం పద్యంలోనే కనపడాలి.

పూరణ 1 (పద్యపిపాసి)

ఏట పదివేల పౌండ్లని యెంచి చూచి
మేడ తోటలు గని మది మెచ్చుకొనుచుఁ
గలిమి సుఖముల మూలమన్ దలపు గలిగి
కాదు పొమ్మన్నవానినే కాంత వలచె.

గణపాఠి: పద్యపిపాసి గారూ, నడక బాగుంది. మూడో పాదంలో ‘గలి–దల’ ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే యతి) చక్కగా కుదిరింది. చిక్కంతా అర్థంలోనే. డార్సీకి ఏటా పదివేలని మెరిటన్ ఊరి నాట్యసభలో అతను అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే అందరికీ తెలిసిపోయింది. హన్స్‌ఫర్డ్‌లో అతను పెళ్ళాడమని అడిగినప్పుడు ఎలిజబెత్ అది తెలిసే కాదంది. తెలిసి వద్దన్న డబ్బు తర్వాత వలపుకు కారణమెలా అవుతుంది? డార్సీ ఎస్టేటు పెంబర్లీ తోటలు చూసినప్పుడే ప్రేమ పుట్టిందని ఆమె అక్క జేన్‌తో అంటుంది, నిజమే. కానీ అది పరాచికం. సరిగ్గా చెప్పమని జేన్ వెంటనే బతిమాలుతుంది.

పూరణ 2 (తెలిమంచు)

ఎలిజబెత్తమ్మ కాలిన్సు నేవగింప
మూఁడు నాళ్ళలో షార్లెటున్ మురిసి యడుగ
నిరువదేడేండ్ల ప్రాయాన నిల్లు కోరి
కాదు పొమ్మన్నవానినే కాంత వలచె.

గణపాఠి: భలే విరుపు! కాదన్నది ఒకరు (ఎలిజబెత్), ఒప్పుకున్నది వేరొకరు (ఆమె స్నేహితురాలు షార్లెట్). మూడు రోజుల్లో రెండు సంబంధాలడిగిన కాలిన్స్ లెక్క కూడా నవలలోదే. ‘ఇల్లు కోరి’ అన్న రెండు మాటల్లో షార్లెట్ అంతా ఉంది.

పృచ్ఛకుడు: నాకు ‘వలచె’ దగ్గర అడ్డుపడుతోంది. సుఖంగా బతకడానికి ఒక ఇల్లు చాలని షార్లెటే చెప్పింది కదా.

గణపాఠి: వలచుకు ‘కోరు’ అన్న అర్థమూ ఉంది కాబట్టి నిలుస్తుంది. ఎలిజబెత్ తిరస్కారం ఎంత బరువైనదో కూడా చూడండి. తండ్రి ఆస్తికి ఏటా రెండువేలు వస్తాయి, అది మగ వారసుడైన కాలిన్స్‌కే పోతుంది. తల్లి తర్వాత ఆమెకు దక్కేది నాలుగు శాతం వడ్డీ మీద వెయ్యి పౌండ్లు, అంటే ఏడాదికి నలభై. పెళ్ళి అడుగుతూ కాలిన్స్ ఆ వెయ్యి సంగతి ఆమె ముఖం మీదే చెప్పాడు! తెలిమంచు గారు మరో పద్యంలో ఈ నలభైని పట్టుకుంటే బాగుంటుంది.

పూరణ 3 (వేకువ)

లేఖ చదివిన పిమ్మట లేదు కినుక
యచట పెంబర్లి యింటి పెద్దమ్మ పొగడ
చెల్లి పెండ్లికై యప్పులు చెల్లు సేయ
కాదు పొమ్మన్నవానినే కాంత వలచె.

గణపాఠి: వేకువ గారూ, కథ వరస సరిగ్గా పట్టారు: తిరస్కారం మర్నాడు డార్సీ ఉత్తరం, తర్వాత పెంబర్లీ, ఆపైన ఎలిజబెత్ చెల్లి లిడియా వ్యవహారం. రెండో పాదంలో పెద్ద+అమ్మ అని విడదీస్తే స్వరయతి (అచ్చుకు అచ్చు కలిసే యతి) సరిపోతుంది. డార్సీని అతని నాలుగేళ్ళ వయసునుంచి ఎరిగిన, ఆ ఇల్లు చూసుకునే రేనాల్డ్స్‌ను ‘ఇంటి పెద్దమ్మ’ అనడం నాకెంతో నచ్చింది.

దోషం సంధిలో ఉంది. ‘పొగడన్’, ‘సేయన్’ ద్రుతాంతాలు, అంటే నకారంతో ముగిసేవి; వాటి తర్వాత చ, క లు జ, గ లవుతాయి. మొదటిదాన్ని ‘జెల్లి’ అని సర్దుకోవచ్చు. రెండోదాని తర్వాత ‘గాదు’ రావాలి, సమస్య పాదాన్ని మనం ముట్టుకోకూడదు. అందుకే మూడో పాదం కళాంతంగా, అంటే ఆ నకారం లేని మాటతో ముగియాలి. ‘అచట’ కూడా ఊరికే గణం నింపుతోంది.

అర్థంలోనూ ఒకటి తగ్గింది. లిడియాతో లేచిపోయిన వికమ్ అప్పులు వెయ్యికి బాగా మించినవి. అవి తీర్చి, లిడియా పేర మరో వెయ్యి రాయించి, అతనికి సైన్యంలో పదవి కొనిపెట్టాడు డార్సీ. ఇదంతా ఎలిజబెత్ ఇంట్లో ఎవరికీ తెలియకూడదన్నాడు. తర్వాత ఆ గుట్టు తెలిసి ఆమె మనసు అతనివైపు మరింత మొగ్గింది. అది పద్యంలో లేదు.

వేకువ: సవరించాను.

లేఖ చదివిన పిమ్మట లేదు కినుక
యలరి పెంబర్లి యింటి పెద్దమ్మ పొగడఁ
దెలియనీయక యప్పులు తీర్చినట్టి
కాదు పొమ్మన్నవానినే కాంత వలచె.

గణపాఠి: ‘తీర్చినట్టి’ నేరుగా ‘వాని’కి అన్వయించింది. సంధి చిక్కు తీరింది, గుట్టూ దొరికింది. ‘చెల్లి’ పోయింది కనుక అప్పులెవరివో నవల చదవనివారికి తెలియదు; ఆ ఒక్కటీ రెండో పాదంలో ఇమిడ్చే వీలుందేమో చూడండి.