పిల్లలతో ఓడ జెండాల తోరణం: కాగితమా, బట్టా?

బీసెంట్ నగర్ అమ్మ:
నేవీ ఓడ ఫొటోలో ఈ చివర నుంచి ఆ చివరకి కట్టిన రంగురంగుల జెండాలు చూసి మా పిల్లలిద్దరూ (ఆరేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప) అలాంటిదే మన వరండాలో కట్టాలని పట్టుబట్టారు. ఒక్కో జెండా ఒక్కో ఇంగ్లిష్ అక్షరం కదా, ఏదో ఒక మాట రాయాలట. ఎరుపు, పసుపు, నీలం, నలుపు, తెలుపు అన్నీ కొనాలా? పెయింట్ ఇస్తే గోడలకీ పూస్తారు, ఆ టెన్షన్ నాకొద్దు.

కత్తెర చేతిలో:
పెయింట్ జోలికి పోకండి, చార్ట్ పేపర్ చాలు. ముందు ‘అమ్మ’ అని రాయించండి: ఎ, ఎమ్, ఎమ్, ఎ. ఈ రెండు అక్షరాల్లోనూ నీలం, తెలుపు తప్ప ఇంకో రంగు లేదు. ఎ జెండాకి ఎడమ సగం తెలుపు, కుడి సగం నీలం, కుడి అంచు చేపతోకలా లోపలికి కత్తిరించాలి. ఎమ్ అంటే నీలం చదరం మీద మూల నుంచి మూలకి రెండు తెల్ల పట్టీలు. 16 సెం.మీ. చదరాలు తీసుకుని పైన 2 సెం.మీ. అదనంగా వదలండి, దాన్ని పురికొస మీదుగా వెనక్కి మడిచి అంటించేస్తే చిల్లులు పెట్టే పనే ఉండదు. ‘నాన్న’కి కూడా ఇవే రెండు రంగులు, కానీ అందులో ఎన్‌లు మూడు, ఒక్కో ఎన్‌కి 16 గళ్లు! తెల్ల చదరాన్ని అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు మడిచి విప్పితే గళ్లు వాటంతటవే పడతాయి, పైన ఎడమ మూల నుంచి గడి విడిచి గడికి నీలం ముక్క అంటించడమే. మడతలు బాబుకి, కత్తెర పాపకి. నాన్నగారిని కాస్త ఓపిక పట్టమనండి.

ఓడ వారి చెల్లెలు:
మా అన్నయ్య మర్చంట్ నేవీ. ఫొటోలో మీరు చూసిన తోరణంలో ఏ మాటా ఉండదండీ, పొరపాటున ఏ సందేశమూ రాకుండా జెండాల వరస ముందే ఖాయం చేసి ఉంచుతారు. ఇంకోటి, ఓడలో సెట్‌కి అక్షరానికి ఒక్క జెండానే. అదే అక్షరం మళ్లీ వస్తే ‘పైనుంచి రెండోదే మళ్లీ’ అని చెప్పే వేరే జెండా కడతారు, దాన్నే సబ్‌స్టిట్యూట్ అంటారు. అంటే ‘అమ్మ’కి ఎ, ఎమ్, తర్వాత రెండో సబ్‌స్టిట్యూట్, ఆఖర్న మొదటి సబ్‌స్టిట్యూట్. ఇంట్లో ఇంత అక్కర్లేదు గానీ తొమ్మిదేళ్ల పిల్లకి ఈ రహస్యం భలే నచ్చుతుంది. పసుపు, నలుపు నాలుగు గళ్ల ఎల్ జెండా కూడా చేయించండి, ‘మీ ఓడ వెంటనే ఆపండి’ అని దాని అర్థం, గది తలుపుకి పనికొస్తుంది.

ప్యారిస్ వైపు మనిషి:
వరండా అంటున్నారు కాబట్టి చెబుతున్నా, బీచ్ పక్క తేమకి చార్ట్ పేపర్ మెత్తబడి వేలాడిపోతుంది. కాగితమైతే హాల్లో కట్టండి, మన చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో రకరకాల కాగితాలు దొరుకుతాయి. బయటికైతే ఫెల్ట్ బట్ట తీసుకోండి, అంచులకి పోగులు రావు, కుట్టక్కర్లేదు.

బీసెంట్ నగర్ అమ్మ:
ఎల్ జెండా విషయం చదివి వినిపించాను, ఇప్పుడు అదే ముందు కావాలట! ఫెల్ట్‌కి గ్లూ స్టిక్ పడుతుందా?

ప్యారిస్ వైపు మనిషి:
సరిగ్గా పట్టదండీ. బట్టకి వాడే జిగురు అడగండి, లేదా నాలుగు మూలలా సూదితో ఒక్కో కుట్టు వేసేయండి.