మోకాలు వంగదు, ఫ్లైట్‌లో ముందు వరస సీటుకి డబ్బు కట్టాల్సిందేనా?

ప్రయాణాల_పిచ్చి:
అందరికీ నమస్తే. మా అన్నయ్యకి కుడి మోకాలు ఆపరేషన్ చేసి ఫ్యూజ్ చేసేశారు, కాలు అసలు వంగదు, కర్ర పట్టుకుని నడుస్తాడు. వచ్చే నెల అమెరికాలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫ్లైట్. బుకింగ్‌లో వీల్‌చైర్ ఆప్షన్ పెట్టాం, అయినా మధ్య సీటే వచ్చింది, ముందు వరస నొక్కితే ఎక్స్‌ట్రా అడుగుతోంది. ఎగ్జిట్ రో ట్రై చేయమంటారా?

రెక్కలగుర్రం:
ఎగ్జిట్ రో మర్చిపోండి. ఏమైనా అయితే అక్కడ కూర్చున్నవాళ్ళే తలుపు తీయాలి, కాబట్టి డబ్బు కట్టి తీసుకున్నా మీ అన్నయ్యని లేపి వేరేచోట కూర్చోబెడతారు. వీల్‌చైర్ టిక్ వేరు సీటు వేరు, ఆ టిక్‌తో ఎయిర్‌పోర్ట్‌లో తోసుకెళ్ళే మనిషి వస్తాడు, కాలు వంగదన్న సంగతి ఎవరికీ తెలీదు. ఫోన్ చేసి స్పెషల్ అసిస్టెన్స్ వాళ్ళని పట్టుకోండి, హ్యాండిక్యాప్డ్ అని ఊరికే చెప్పకుండా "కుడి కాలు ఫ్యూజ్ అయింది, వంగదు" అని చెప్పండి. అమెరికాలో 1986లో వికలాంగ ప్రయాణికుల కోసం ఎయిర్ క్యారియర్ యాక్సెస్ యాక్ట్ అనే చట్టం వచ్చింది, దాని కింద పార్ట్ 382 అనే రూల్స్‌లో కాలు వంగనివాళ్ళకి బల్క్‌హెడ్ (ఎదురుగా సీట్లు కాకుండా గోడ ఉండే వరస) సీటు గానీ కాళ్ళకి ఎక్కువ చోటున్న ఇంకో సీటు గానీ ఇవ్వాలనీ, అదీ ఆ కాలికి వీలైన వైపు ఇవ్వాలనీ ఉంది. కొన్న క్లాసులోనే లెండి, ఎకానమీ కొని బిజినెస్ అడిగితే కుదరదు. 24 గంటల ముందే అడగండి, ఆ తర్వాతైతే ఖాళీ ఉంటేనే, ఇంకొకర్ని లేపి ఇవ్వరు. కాదూ కూడదూ అంటే "సీఆర్‌ఓతో మాట్లాడాలి" అనండి, వికలాంగుల కంప్లైంట్లు చూడ్డానికి ప్రతి ఎయిర్‌లైన్‌లో అలాంటి ఆఫీసర్ ఉండాలి.

సీటు_నంబర్_సి:
వైపు ముఖ్యం. మూడు-మూడు సీట్ల ఫ్లైట్‌లో కుడి కాలికి సి సీటు, ఎందుకంటే నడవ కుడి పక్కన ఉంటుంది. ఎడమ కాలైతే డి. బల్క్‌హెడ్ అంటే అందరూ ఎగబడతారు గానీ కొన్ని విమానాల్లో ఆ గోడ మరీ దగ్గరగా ఉంటుంది, చాచిన కాలు పట్టదు, ముందే అడిగి చూసుకోండి. ట్రాలీ వచ్చినప్పుడల్లా కాలు లోపలికి లాక్కోవాలి, అదొక గోల.

చక్రాలమీద:
నాలా వీల్‌చైర్ నుంచి సీటులోకి జరిగేవాళ్ళు బల్క్‌హెడ్ జోలికి పోకండి బాబూ, అక్కడ ట్రే ఆర్మ్‌రెస్ట్‌లో ఉంటుంది కాబట్టి ఆ ఆర్మ్‌రెస్ట్ సాధారణంగా పైకి లేవదు. మాకు కావాల్సింది నడవ వైపు ఆర్మ్‌రెస్ట్ లేచే సీటు, దాని బటన్ కింద ఎక్కడో దాచినట్టు ఉంటుంది, క్రూని అడిగితే తీస్తారు. యూరప్ నుంచి వెళ్ళేవాళ్ళు మాత్రం సాయం కావాలని 48 గంటల ముందు చెప్పాలి.

ప్రయాణాల_పిచ్చి:
థాంక్సండీ, రేపే ఫోన్ చేస్తా. వదిన కూడా వెళ్తోంది, తనకి పక్క సీటు ఇస్తారా?

రెక్కలగుర్రం:
తినిపించడం లాంటి, క్రూ చేయక్కర్లేని సాయం ఫ్లైట్‌లో ఆవిడ చేయాల్సి వస్తే పక్క సీటు ఇచ్చి తీరాలి. ఊరికే తోడుగా అయితే ఆ రూల్ వర్తించదు, అయినా అదే కాల్‌లో అడిగేయండి, చాలామంది ఇచ్చేస్తారు.