జపాన్ యానిమేషన్ సినిమాలు యుద్ధ చరిత్రలో సగమే చెబుతున్నాయా?

విశాఖవాసి:
'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' (1988) మళ్ళీ చూశాను, మళ్ళీ ఏడ్చాను. అయినా నా అభ్యంతరం పోలేదు. 1945లో కోబే మీద పడ్డ అమెరికా బాంబులు, తిండిలేక చనిపోయే చిన్నారి సెత్సుకో కనిపిస్తారు. జపాన్ సైన్యం ఊచకోతలకు దిగిన నాన్జింగ్, మనీలాల ఊసే ఉండదు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద బాంబులేసింది కూడా జపాన్ నౌకాదళమే. ఈ సినిమాలతో పెరిగినవాళ్లకు జపాన్ అంటే బాధితురాలే.

చిత్రలేఖ:
నాలుగేళ్ల పిల్ల ఆకలి కథలో నాన్జింగ్‌ను ఎక్కడ ఇరికిస్తారండీ? దర్శకుడు తకహతా తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా నగరం మీద జరిగిన బాంబు దాడి నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. దీన్ని యుద్ధ వ్యతిరేక సినిమా అనొద్దని కూడా ఆయనే చెప్పాడు. సెత్సుకో అన్న సెయితా తన తండ్రి నౌకాదళాన్ని తలుచుకుని పొంగిపోతాడు చూడండి, ఆ గర్వాన్ని సినిమా దాచలేదు.

విశాఖవాసి:
ఒక్క సినిమా గురించి కాదు నా బాధ. నౌకాదళం తీయించగా 1945 ఏప్రిల్‌లో విడుదలైన, జానపద వీరుడు మొమోతారో సినిమాలో జపాన్ సైనికులు దీవుల్లోని జంతువులకు అక్షరాలు నేర్పుతారు, తెల్లవాళ్ల నుంచి విముక్తి చేస్తారు. ఓడిపోయాక అదే జపాన్ తెరమీద బాధితురాలైంది. మధ్యలో ఉండాల్సిన దాడి చేసిన జపాన్ ఏది? 'ది విండ్ రైజెస్' (2013)లో జీరో యుద్ధవిమానం రూపకర్త హోరికోషి హీరో. ఆ విమానాన్ని తయారుచేసిన మిత్సుబిషిలో కొరియన్ల చేత చేయించిన వెట్టిచాకిరీ మాట రాదు. అదే ఏడాది ఆ సినిమా దర్శకుడు మియజాకి, యుద్ధం చేయబోమనే జపాన్ రాజ్యాంగ సవరణను వ్యతిరేకిస్తూ వ్యాసం రాసి సొంత దేశంలో తిట్లు తిన్నాడు. కాగితం మీద అంత ధైర్యం చేసినాయన సినిమాలో ఎందుకు తగ్గాడు?

చిత్రలేఖ:
అయితే 'ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్' (2016) చూడండి. కురే అనే నౌకాదళ పట్టణంలో ఒక మామూలు కోడలు సుజు. రేడియోలో చక్రవర్తి లొంగుబాటు ప్రకటన వినగానే ఆమెకు పట్టరాని కోపం వస్తుంది. పొలంలోకి పరిగెత్తి, నేలమీద పడి ఏడుస్తుంది. అప్పుడే ఊళ్లో ఒకచోట కొరియా జెండా ఎగురుతుంది. సముద్రం అవతలి నుంచి వచ్చిన బియ్యం, సోయాలతోనే తన ఒళ్లు పెరిగిందని సుజుకు అర్థమవుతుంది. వలస రాజ్యాల దోపిడీ వంటింటి దాకా ఎలా వచ్చిందో ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పారు?

విశాఖవాసి:
గొప్ప సీన్, కాదనను. కానీ 1910 నుంచి కొరియా జపాన్ చేతిలో ఉందని తెలియని ప్రేక్షకుడికి ఆ జెండా ఎవరిదో ఎలా తెలుస్తుంది? సెత్సుకో చావు మాత్రం ఎవరూ వివరించకుండానే అందరికీ అర్థమవుతుంది. నేనడిగే తేడా అదే.