నోర్డ్‌లింగెన్ ఊరు గుండ్రంగా ఎందుకుంది?

ప్రశ్న: జర్మనీలో బవేరియా రాష్ట్రంలోని నోర్డ్‌లింగెన్ ఫొటోలు చూశాను, పైనుంచి చూస్తే ప్రహరీ, ఇళ్లు అన్నీ గుండ్రంగా ఉన్నాయి. ఉల్క పడిన గుంత కాబట్టి అలా కట్టారంటున్నారు, నిజమేనా?

జవాబు 1: ఉల్క నిజం, గుండ్రానికి కారణం మాత్రం అది కాదు. దాదాపు కోటిన్నర ఏళ్ల కిందట పడిన ఆ గుంత వెడల్పు సుమారు 24 కిలోమీటర్లు, ఊరు అందులో ఒక మూలకి సరిపోతుంది. ఊరి ప్రహరీ కట్టినవాళ్లకి ఉల్క సంగతే తెలియదు, 1960 దాకా ఆ గుంత అగ్నిపర్వతం వల్ల పుట్టిందనే చాలామంది నమ్మేవారు.

జవాబు 2: అసలు తమాషా రాయిలో ఉంది. ఊళ్లోని సెయింట్ జార్జ్ చర్చి కట్టిన రాయి ఆ ఉల్క దెబ్బకి పుట్టిందే, అందులో కంటికి కనిపించని వజ్రాలుంటాయి (తవ్వుకుందామని ఆశపడకండి!). 1970లో చంద్రుడి యాత్రకి సిద్ధమవుతున్న అపోలో వ్యోమగాములు కూడా రాళ్లు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అక్కడికే వచ్చారు.

జవాబు 3: చరిత్ర కూడా చూడండి. సంతల వ్యాపారంతో బాగా బతికిన ఊరు, అప్పట్లో పవిత్ర రోమన్ చక్రవర్తికి తప్ప ఏ ప్రభువుకీ లోబడని స్వతంత్ర నగరం. యూరప్ దేశాల మధ్య సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో, 1634లో ఊరి బయటే పెద్ద పోరు జరిగింది, ఆ తర్వాత ఊరు కోలుకుని పెరగలేదు, పాత గోడ మిగలడానికి అదీ ఒక కారణమంటారు. ఇప్పటికీ గోడ మీద ఊరంతా చుట్టి రావచ్చు, రాత్రిళ్లు చర్చి గోపురం మీంచి కాపలాదారు కేక కూడా వినిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: రాత్రి అక్కడే బస చేయాలన్నమాట, థాంక్స్ అండీ.