పైన వేసిన గదికి జీహెచ్‌ఎంసీ చట్టం సెక్షన్ 452 నోటీసు వచ్చింది. రెగ్యులరైజ్ అవుతుందా, కొట్టేయాల్సిందేనా?

మేడమెట్లు:
హైదరాబాద్‌లో 200 గజాల ప్లాటు, ముందు 30 అడుగుల రోడ్డు. ప్లాను గ్రౌండ్ ప్లస్ 2, ఎత్తు 10 మీటర్లు. దాని పైన 12×10 అడుగుల గది, బాత్రూమ్, మెట్ల హెడ్‌రూమ్‌కి కూడా స్లాబు వేసేశాం. పక్క సెట్‌బ్యాక్ (గోడకీ ప్లాటు హద్దుకీ మధ్య వదలాల్సిన ఖాళీ) ప్లానులో 1 మీటరు, టేపు పెడితే 93 సెంటీమీటర్లే వస్తోంది. జీహెచ్‌ఎంసీ 452(1) నోటీసు ఇచ్చింది. బీఆర్‌ఎస్‌లో (అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం) పెట్టించేస్తానని ఒక మధ్యవర్తి అంటున్నాడు. నమ్మొచ్చా?

ప్లాన్‌షీట్:
ముందు ఆ మధ్యవర్తిని పంపించేయండి. బీఆర్‌ఎస్ కటాఫ్ 28-10-2015. ఆ తర్వాత పోసిన స్లాబుకి దానితో సంబంధమే లేదు.

మీది ఒక ఉల్లంఘన కాదండీ, మూడు వేర్వేరు విషయాలు. హెడ్‌రూమ్ మెట్లను కప్పేంత వరకే ఉంటే ఎత్తు లెక్కలోకి రాదు, దాని జోలికి వెళ్లకండి. 93 సెంటీమీటర్ల సంగతికి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లో దారి ఉంది: ముందు వైపు కాకుండా మిగతా వైపుల్లో 10 శాతం వరకు తేడాను కాంపౌండ్ చేస్తారు, అంటే ఫీజు కట్టించుకుని వదిలేస్తారు. ఆ లెక్కన మీకు 90 సెంటీమీటర్ల దాకా ఊరట. ఫీజు ఎంతంటే, అతిక్రమించిన ఫ్లోర్ ఏరియాకి రిజిస్ట్రేషన్ శాఖ భూమి విలువలో 100 శాతం. గోడ పొడవు 12 మీటర్లు, తేడా 7 సెంటీమీటర్లు అయితే ఒక్కో అంతస్తుకి 0.84 చదరపు మీటర్లు, మూడింటికి 2.52, అంటే సుమారు 3 గజాలు. మీ ఏరియాలో గజం విలువ 30,000 అనుకుంటే 90 వేలు.

గది, బాత్రూమ్ మాత్రం పోవాల్సిందే. ప్లానులో లేని అంతస్తు ఈ కాంపౌండింగ్ కిందికి రాదు. అసలు ప్లానే లేకుండా కట్టినవాళ్లకైతే సెట్‌బ్యాక్ వెసులుబాటు కూడా లేదు.

కొలత ప్లాస్టరింగ్ బయటి అంచు నుంచి తీయించండి. ఇటుక దగ్గర 95 ఉండి, 20 మిల్లీమీటర్ల పూత పడ్డాక 93 అయిన గోడలే ఎక్కువ. దానిపైన రాయి క్లాడింగ్ అంటిస్తే 90 కంటే కూడా తగ్గిపోతుంది.

కాగితం_పులి:
452(1) అంటే సంజాయిషీ అడగడమే, కూల్చివేత ఉత్తర్వు కాదు. తొలగించమనేది అదే చట్టం సెక్షన్ 636 కింద వస్తుంది. ఈ మధ్యలో మీ జవాబు చేరకపోతే, వాళ్లు రాసే ఉత్తర్వులో మీ వాదన ఒక్క ముక్క కూడా ఉండదు.

నోటీసు తీసుకోనని తిప్పి పంపకండి. వాళ్లు గోడకి అంటించి ఫొటో తీసుకుంటే మీకు అందినట్టే. పని ఆపేశామని తేదీతో ఫొటోలు, శాంక్షన్ ప్లాను, పర్మిట్ కాపీ, లైసెన్సు ఉన్న ఇంజినీరు కొలతల షీటు జతచేసి గడువు లోపల ఇవ్వండి. ఆఫీసుకి అందినట్టు వేసే ఇన్‌వార్డు ముద్ర ఉన్న కాపీ మీ దగ్గర ఉండాలి. "పై అంతస్తు రెగ్యులరైజ్ చేయండి" అని మాత్రం రాయొద్దు. అది వాళ్లు చేయలేని పని. గదిని ఫలానా తేదీలోగా మేమే తీసేస్తాం, సెట్‌బ్యాక్ తేడా కాంపౌండ్ చేయండి అని రాయండి.

సుప్రీంకోర్టు 13-11-2024 ఆదేశాల ప్రకారం షోకాజ్ (సంజాయిషీ) నోటీసుకి 15 రోజులు, తుది ఉత్తర్వు తర్వాత మరో 15 రోజులు ఇవ్వాలి. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు మీద కట్టినవాటికి ఇది వర్తించదు. ఇంటి పన్ను కడుతున్నాం కదా అనే వాదన ఎక్కడా నిలబడదు.

మేడమెట్లు:
తీయడానికి మేస్త్రీ బ్రేకర్‌తో రెండు రోజుల పని అంటున్నాడు. అలా చేయొచ్చా?

సెంట్రింగ్:
బ్రేకర్‌తో చేయొచ్చు, కానీ శిథిలాలు కింది స్లాబు మీద కుప్ప పోయకూడదు. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకి 310 కిలోల పైచిలుకు. ఇంటి గదులకి డిజైన్‌లో తీసుకునే లైవ్ లోడు (మనుషులు, సామాను బరువు) 200 కిలోలు. పై స్లాబు పెచ్చులు కింద ఒక వరస పరుచుకున్నా ఆ లెక్క దాటిపోయినట్టే. 12×10 గది స్లాబు ఒక్కటే మూడు టన్నుల పైన వస్తుంది, గోడలు వేరు.

ముందు కరెంటు, నీళ్ల లైను విడదీయండి. కింది అంతస్తులో బీముల కింద జాకీలు పెట్టించండి. తలుపులు, కిటికీలు తీశాక, గోడలు నిలబడి ఉండగానే స్లాబుని 2×2 అడుగుల ముక్కలుగా కొట్టించి, ఏ పూటది ఆ పూట దించేయాలి. గోడలు ముందు కొడితే స్లాబు ఒక్కసారిగా కూలుతుంది.

కార్పొరేషన్ వాళ్లు వస్తే స్లాబుకి బొక్కలు పెట్టి ఇనుము కోసి వెళ్లిపోతారు. ఆ వేలాడే ముక్కలు దించే ఖర్చు ఆనక ఎలాగూ మీదే.

చివర్లో చాలామంది వదిలేసేది కాలమ్ చువ్వలు. పైకి పొడుచుకుని ఉంటే వాటి వెంబడి తుప్పు కిందికి దిగి కాంక్రీటు పెచ్చులూడుతుంది. చుట్టూ అంగుళం లోతు చెక్కి, చువ్వ అక్కడికి కోసి, పాలిమర్ మోర్టారుతో పూడ్పించండి. ఆ మీద నీళ్లు జారేలా వాలు ఇచ్చి వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి.

కాగితం_పులి:
అయ్యాక ముందు, తర్వాత ఫొటోలు పెట్టి అదే నోటీసు నంబరు మీద ఇంకో లెటర్ ఇన్‌వార్డు చేయించండి. లేకపోతే ఫైలు తెరిచే ఉండి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే పత్రం) పెట్టినప్పుడు అదే అడ్డుపడుతుంది.